సీఎస్సార్ డబ్బుతో ఈటీపీ బాగుచేయించవచ్చా?

ప్రశ్న: పాశమైలారం పారిశ్రామికవాడలో మాకు బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్లు (మందుల ముడిసరుకుకు ముందు దశ రసాయనాలు) తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. పోయిన ఆర్థిక సంవత్సరంలో లాభం మొదటిసారి ఐదు కోట్లు దాటింది. ఇక సీఎస్సార్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) కింద రెండు శాతం ఖర్చుపెట్టాలని ఆడిటర్ అంటున్నారు. మా ఎండీ గారు ఆ డబ్బు తన సొంత ఊరి గుడి జీర్ణోద్ధరణకు ఇద్దామంటున్నారు. ఈటీపీకి (ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ప్లాంటు), పైకప్పు మీద సోలార్‌కు పెడితే పర్యావరణానికీ కంపెనీకీ మంచిదని నా ఆలోచన. సరిగ్గా ఇప్పుడే యూరప్ కొనుగోలుదారు సస్టైనబిలిటీ మీద పెద్ద ప్రశ్నావళి పంపారు. రెండూ ఒకే ఖర్చుతో తీరే దారి ఉందా?

సమాధానం:

లేదండీ. ముందు ఆ ఆశ వదులుకోండి, మిగతాదంతా సులభమవుతుంది.

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులు ఒకే పద్దులోకి వచ్చి చేరాయి. లాభం వచ్చాక అందులో కొంత సమాజానికి ఖర్చుపెట్టమని కంపెనీల చట్టం చెబుతుంది. అసలు ఆ లాభం ఎలా వచ్చింది, ఎవరి బావిలో నీళ్లు పాడయ్యాయి, ఎవరి ప్రాణం పణంగా పెట్టారు అని ప్రశ్నావళి అడుగుతుంది. మొదటి డబ్బుతో రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా కొనుగోలుదారు ఒప్పుకోడు. ఈ పారిశ్రామికవాడల్లోనే పర్యావరణ విభాగాల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు మీలాంటి మధ్యతరహా కంపెనీలకు సలహాలిస్తున్నాను. మీరు అడిగినది దాదాపు ప్రతి బోర్డు గదిలోనూ వినిపిస్తుంది. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా కంపెనీ దాని పరిధిలోకి వస్తుంది. మీరు మూడోదాని వల్ల వచ్చారు. చాలామంది తడబడేది ఇక్కడే. పరిధిలోకి రావడానికి ముందటి ఒక్క ఏడాది లాభం చూస్తారు. ఖర్చుపెట్టాల్సిన మొత్తానికి మాత్రం ముందటి మూడేళ్ల సగటు చూస్తారు. ఈ లాభం 198వ సెక్షన్ ప్రకారం, పన్నుకు ముందు లెక్కించినది. మీ మూడేళ్ల లాభాలు 3 కోట్లు, 4.2 కోట్లు, 6.3 కోట్లు అనుకోండి. సగటు 4.5 కోట్లు, అందులో రెండు శాతం 9 లక్షలు. చివరి ఏడాది లాభం మీదే లెక్కవేసి 12.6 లక్షలు అనుకుంటూ ఉంటారు, అది తప్పు. ఖర్చుపెట్టాల్సింది 50 లక్షలు దాటదు కాబట్టి ప్రత్యేకంగా సీఎస్సార్ కమిటీ వేయనక్కర్లేదు, ఆ పని బోర్డే చేయవచ్చు.

ఇప్పుడు ఈ 9 లక్షలను ఈటీపీ పక్కన పెట్టి చూడండి. మీ ఎంఈఈకి (వ్యర్థజలాన్ని దశలవారీగా ఆవిరి చేసే యంత్రం) ఒక మంచి పంపు, నాలుగు వాల్వులు వస్తాయేమో! మొత్తం సంగతి అలా ఉంచినా, 2021 జనవరి 22న సవరించిన సీఎస్సార్ నిబంధనలు ఏది సీఎస్సార్ కాదో తేల్చి చెప్పాయి. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగమైన పని కాదు. సొంత ఉద్యోగులకు మేలుచేసేది కాదు. పేరు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కాదు. రాజకీయ పార్టీలకు ఇచ్చేది కాదు. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది, వేరే ఏ చట్టం కిందనైనా ఎలాగూ చేయాల్సిన పని కాదు. ఈటీపీ నడపడం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద మీ బాధ్యత. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చిన కన్సెంట్‌లో అది షరతు. దాన్ని సేవగా చూపించడం కుదరదు.

సోలార్ సంగతి కూడా అంతే. మీ పైకప్పు మీద పలకలు మీ కరెంటు బిల్లే తగ్గిస్తాయి. తప్పకుండా పెట్టించండి, కానీ పెట్టుబడి బడ్జెట్ నుంచి. ఒక చిన్న లెక్క చెబితే ఎండీ గారు వెంటనే ఒప్పుకుంటారు. సీఎస్సార్ ఖర్చును ఆదాయపు పన్ను దగ్గర వ్యాపార ఖర్చుగా చూపించుకోనివ్వరు. ఈటీపీ నిర్వహణ ఖర్చును చూపించుకోవచ్చు, సోలార్ పరికరాలకు తరుగుదల కూడా వేగంగా రాసుకోవచ్చు. అంటే వీటిని సీఎస్సార్‌లో కలపాలనుకోవడం నిబంధనలకు విరుద్ధమే కాకుండా చేతులారా నష్టపోవడం కూడా. అయినా ఈ ఆలోచన ఇన్ని కంపెనీల్లో ఎందుకు పుడుతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

విస్తరణ ఆలోచన ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. పర్యావరణ అనుమతికి వెళ్లినప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చే హామీలు సీఎస్సార్ కిందకు రావు. కేంద్ర పర్యావరణ శాఖ 2018 మే 1న వీటికి పెట్టుబడిలో ఇంత శాతం అని లెక్క పెట్టింది. 2020 సెప్టెంబర్ 30న ఆ లెక్క మార్చి, హామీలను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలోనే చేర్చమంది. ఎలా చూసినా అవి అనుమతి షరతులే. ఊరికి మంచినీళ్లు ఇస్తామని అనుమతి పత్రంలో రాసి, అదే ట్యాంకును సీఎస్సార్ నివేదికలో ఫోటో వేసి చూపిస్తే రెండుసార్లు లెక్కకట్టినట్లే.

ఎండీ గారి గుడి గురించి సున్నితంగా చెప్పండి, అయినా స్పష్టంగా చెప్పండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో, అంటే సీఎస్సార్ కింద ఒప్పుకునే పనుల జాబితాలో, వారసత్వ సంపద, చారిత్రక ప్రాధాన్యమున్న కట్టడాల పునరుద్ధరణ ఉన్నాయి. ఊళ్లో మామూలు గుడి కట్టడం, గోపురానికి రంగులు వేయించడం అందులో లేవు. ఆయనకు నిజంగా ఇవ్వాలని ఉంటే సొంత డబ్బు ఇవ్వవచ్చు. కంపెనీ తరఫునే ఇవ్వాలంటే 181వ సెక్షన్ కింద ధర్మకార్యాలకు విరాళంగా బోర్డు ఇవ్వవచ్చు. అది సీఎస్సార్ లెక్కలోకి మాత్రం రాదు. ఇక సొంత ఊరి మాటకొస్తే, కంపెనీ పనిచేసే ప్రాంతానికీ దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వమని చట్టం చెబుతుంది. వేరే చోట అసలు ఖర్చుపెట్టకూడదని కాదు. నా మాట అడిగితే, మీ బాయిలర్ పొగ పీల్చే ఊళ్లను వదిలి రెండు జిల్లాల అవతలి ఊళ్లో బడి కట్టించడం చూడటానికి బాగుండదు. చుట్టుపక్కల సర్పంచులు ఇలాంటివి మరిచిపోరు.

డబ్బు ఎవరి ద్వారా ఖర్చుపెట్టాలన్నది అసలైన గండం. మీరు పరిధిలోకి వచ్చారని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. "రసీదు మేం ఇస్తాం, కమిషన్ పోను మిగతాది నగదుగా మీకే వచ్చేస్తుంది" అనే ట్రస్టులు ఉన్నాయి. మర్యాదగా ఫోన్ పెట్టేయండి. ఇది సీఎస్సార్ ఉల్లంఘనతో ఆగదు, పుస్తకాల్లో తప్పుడు రాతలతో మొదలై పన్ను కేసుల దాకా వెళుతుంది. ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి, డబ్బు బోర్డు ఆమోదించిన పనికే, ఆమోదించిన తీరులోనే ఖర్చయిందని సంతకం చేసి ధ్రువీకరించాలి. ఆ సంతకం మీదే అయ్యేలా ఉంది.

సంస్థను ఎంచుకునేటప్పుడు కాగితాలు సరిచూడటం ఎలాగూ తప్పదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండాలి, సీఎస్సార్-1 ఫారం కింద కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన నంబరు ఉండాలి, ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. అయితే కాగితాలు అందరి దగ్గరా బాగానే ఉంటాయి. చెప్పకుండా ఒక పనిరోజు వాళ్లు నడిపే చోటికి వెళ్లండి. క్షేత్రంలో పనిచేసేవాళ్ల జీతాలు ఎంతో, నెలనెలా అందుతున్నాయో లేదో వాళ్లనే అడగండి. ఆఫీసు ఫలకాలు మెరిసిపోతూ, ఊళ్లో పనిచేసే అమ్మాయికి మూడు నెలల జీతం బాకీ ఉందంటే అక్కడితో సరి. మీ కంపెనీ సొంతంగా కూడా చేయవచ్చు, కానీ మీ ఉద్యోగులు వెచ్చించిన గంటలను రూపాయల్లోకి మార్చి లెక్కలో చూపడం కుదరదు. పాత కంప్యూటర్లు ఇచ్చి వాటికి విలువ కట్టడమూ కుదరదు. ఖర్చంటే ఖర్చే.

ఇక దేనికి ఖర్చుపెట్టాలి? ఇక్కడ నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, ముందే చెబుతున్నాను. కట్టడాల జోలికి వెళ్లకండి. ప్రభుత్వ రంగ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్ల మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. 15 రాష్ట్రాల్లో కాగ్ బృందాలు స్వయంగా వెళ్లి చూశాయి. కట్టామని చెప్పిన 2,612 మరుగుదొడ్లలో 200 అసలు లేనేలేవు, 86 సగంలో ఆగాయి, 691 వాడకంలో లేవు. నీళ్లు రాకపోవడం, శుభ్రం చేసే మనిషి లేకపోవడం, విరిగిపోవడం వంటివి కారణాలు. ఇవి చిన్నాచితకా ట్రస్టులు కట్టినవి కావు, ఇంజనీర్లూ ఆడిటర్లూ ఉన్న పెద్ద సంస్థలు కట్టించినవి. లోపం గోడల్లో లేదు. ప్రారంభోత్సవం తర్వాత రోజు నుంచి నీళ్ల బకెట్ ఎవరు తేవాలో ఎవరూ రాసిపెట్టలేదు.

మన దగ్గర దీనికి అన్నదమ్ముడు ఊరి ఆర్వో ప్లాంటు. రిబ్బన్ కత్తిరించి, దాత పేరు పెద్దక్షరాలతో రాసి వెళ్లిపోతారు. మెంబ్రేన్ మార్చడానికి డబ్బు, నడిపేవాడికి జీతం, మోటారు కాలితే బాగుచేయించే బాధ్యత ఎవరివో తేలదు. బయటకు వదిలే ఉప్పు నీరు పక్క కాలువలోకి పోతుంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇప్పటికే అలా మూతపడ్డ ప్లాంటు మీ పక్క ఊళ్లో ఉంటే, కొత్తది పెట్టే బదులు దాన్ని మూడేళ్లు నడిపించే ఖర్చు పెట్టుకోండి. మీ పేరు ఉన్న బోర్డు ఉండదు, అంతే తేడా.

తొమ్మిది లక్షలకు నేను సూచించేది మనుషుల మీద ఖర్చు. మీ పారిశ్రామికవాడ చుట్టూ ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల గదుల్లో ఉంటాయి. వాళ్ల పిల్లలు ప్రభుత్వ బడిలో చేరినా తెలుగు రాక వెనక బెంచీలో కూర్చుని, కొన్నాళ్లకు మానేస్తారు. హిందీ లేదా ఒడియా, దానితో పాటు తెలుగు వచ్చిన ఇద్దరు టీచర్లను నెలకు 15 వేల చొప్పున పెడితే ఏడాదికి 3 లక్షల 60 వేలు. పిల్లలను తెచ్చి దింపడానికి ఒక ఆటో, పుస్తకాలు, బడి గంటల తర్వాత కాసేపు చదివించే ఏర్పాటు కలిపినా మొత్తం మీ పరిమితిలోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త పాటించండి. దీన్ని మీ కార్మికుల పిల్లలకే పరిమితం చేస్తే ఉద్యోగులకు మేలుచేసే పని అయిపోతుంది. ఆ చుట్టుపక్కల ఉన్న వలస పిల్లలందరికీ తలుపు తెరవండి. బడి ప్రధానోపాధ్యాయులతో, మండల విద్యాధికారితో ముందే మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

దీన్ని మూడేళ్ల పనిగా బోర్డు తీర్మానంలో రాయించండి. అలా రాస్తే అది కొనసాగే ప్రాజెక్టు అవుతుంది. ఏడాదిలో మిగిలిన డబ్బును మార్చి 31 తర్వాత 30 రోజుల్లో ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చుపెట్టుకోవచ్చు. అలా రాయకపోతే మిగిలింది ఆరు నెలల్లోగా ఏడో షెడ్యూలులో చెప్పిన నిధులలో ఒకదానికి జమచేయాలి. అదీ చేయకపోతే కట్టాల్సిన దానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కంపెనీకి జరిమానా. బాధ్యులైన అధికారులకు వేరుగా పడుతుంది. మార్చి నెలాఖరున ఎవరో ఒకరికి చెక్కు రాసి చేతులు దులుపుకునే అలవాటు చాలావరకు ఈ గడువు భయం వల్లే వచ్చింది. ఏప్రిల్‌లోనే తీర్మానం చేస్తే ఆ భయమే ఉండదు.

ఆ రెండు శాతం ఎంత బాగా ఖర్చుపెట్టినా మిగతా కంపెనీకి అది హామీపత్రం కాదని మన హైదరాబాదుకే బాగా తెలియాలి. 108 అంబులెన్సు సేవ 2005లో ఇక్కడే సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు చొరవతో మొదలైంది. అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో అందరికీ తెలుసు, తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. ఆయన కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో మంచి పనులు చేసింది. 2008లో సత్యంకు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న రాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. అంబులెన్సులు నిజమైనవే. లెక్కలే దొంగవి. ప్రశ్నావళి పంపిన కొనుగోలుదారు మీ బడి ఫోటోలు చూసి ఎందుకు కరిగిపోడో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్నావళికి వద్దాం. యూరప్ వాళ్లకు మన పటాన్‌చెరు పేరు ఎందుకు తెలుసో మీకు తెలిసే ఉంటుంది, అయినా మీ యువ సిబ్బందికి చెప్పండి. 1970ల నుంచి పెరిగిన ఈ పారిశ్రామికవాడల వ్యర్థాలు నక్కవాగు, ఇసకవాగుల మీదుగా మంజీరా వైపు పారాయి. పొలాలు, బోర్లు పాడై, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది, దశాబ్దాలు సాగింది. రైతులకు నష్టపరిహారం ఇప్పించడానికి కోర్టే ఆదేశించాల్సి వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిం లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని వాళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయికన్నా అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా పటాన్‌చెరు ప్రస్తావన వచ్చేది అందుకే.

కేంద్రం 2020 జనవరిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో అవి లేవు. పరిశ్రమలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకైతే అది తాత్కాలిక ఊరట అనిపించింది. చట్టం వదిలినది కొనుగోలు ఒప్పందంలోకి వచ్చి కూర్చుంది. మందుల కంపెనీల కూటమి ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయన్స్ 2022లో యాంటీబయాటిక్ తయారీకి ప్రమాణం తెచ్చింది, 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద మందుల కంపెనీలు పీఎస్‌సీఐ (మందుల కంపెనీల సరఫరా గొలుసు కూటమి) ఆడిట్ చేయించుకోమని సరఫరాదారులను అడుగుతున్నాయి. మీరు యాంటీబయాటిక్ ఇంటర్మీడియట్ చేయకపోయినా అదే కొలబద్దతో చూస్తారు.

జవాబులు రాయడానికి కూర్చునే ముందు ఒక కాగితం తయారుచేయండి. మీరు ఎక్కువగా చేసే మూడు ఉత్పత్తులకు మాస్ బ్యాలెన్స్. లోపలికి ఏమేం ఎంత వెళ్లింది, బయటికి ఏ రూపంలో ఎంత వచ్చింది. లైసెన్సు కోసం దాఖలు చేసినది కాదు, బ్యాచ్ కార్డుల నుంచి, స్టోర్స్ ఇండెంట్ల నుంచి తీసిన నిజమైనది. బల్క్ డ్రగ్‌లో నీటిని పక్కనపెడితే వాడే సరుకులో పెద్ద వాటా సాల్వెంట్లదే, అంటే ద్రావకాలదే. ఒక బ్యాచ్‌లో వెయ్యి లీటర్ల టోలుయిన్ పోశారు, 850 తిరిగొచ్చింది అనుకోండి. మిగతా 150 ఎక్కడ? కొంత డిస్టిలేషన్ అడుగు మడ్డిలో, కొంత వ్యర్థజలంలో, కొంత వెంటు గొట్టం ద్వారా గాలిలో. ఆ మూడింటికీ అంకెలు వేయగలిగితే ప్రశ్నావళిలో సగానికి సమాధానం దొరుకుతుంది. పైగా టోలుయిన్ కొనడానికి మీరు చెల్లించిన డబ్బు ఎక్కడ ఆవిరవుతోందో కూడా తెలుస్తుంది. చల్లటి కండెన్సర్ ఒకటి అదనంగా పెట్టి ఖర్చు రాబట్టుకున్న కంపెనీలను చూశాను. ఏ అవార్డు వేడుకలోనూ దాని ఊసు రాదు.

నీటి విషయంలో మీరు జెడ్‌ఎల్‌డీ (చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలని ఏర్పాటు) ఉందని రాస్తారు, అందరూ రాస్తారు. ఆడిటర్ ఎలా చూస్తాడంటే, ఎక్కువ టీడీఎస్ (కరిగిన లవణాలు) ఉన్న నీరు స్ట్రిప్పర్‌లో సాల్వెంట్ వదిలి, ఎంఈఈలో ఆవిరై, ఏటీఎఫ్‌డీలో (ఆరబెట్టే యంత్రం) పొడి ఉప్పుగా మారాలి. ఆ ఉప్పు ప్రమాదకర వ్యర్థాలను పారవేసే దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కు వెళ్లాలి. అంటే వ్యర్థజలం మీటరు, ఎంఈఈకి వెళ్లిన ఆవిరి, దుండిగల్‌కు పంపిన ఉప్పు టన్నులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. వ్యర్థజలం తగ్గకుండా ఉప్పు తగ్గిందంటే ఆ నీరు ఎటో పోయింది. వాన పడే రాత్రి నాలా వైపు వాల్వు తిప్పే సంస్కృతి మన దగ్గర లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. అందుకే ఆడిటర్లు మొట్టమొదట ఈ మూడు అంకెలే అడుగుతారు.

ఎంఈఈ ఉచితం కాదని కూడా గుర్తుంచుకోండి. మూడు దశల ఎంఈఈలో అయినా టన్ను నీటిని ఆవిరి చేయడానికి టన్నులో మూడో వంతు నుంచి సగం దాకా ఆవిరి కావాలి, ఆ ఆవిరి బొగ్గు బాయిలర్ నుంచే వస్తుంది. నీటి సమస్య తీరుస్తూ గాలి సమస్య పెంచుకుంటాం. కాబట్టి రియాక్టర్ కడగడానికి వాడే నీరు, ఒకే ఉత్పత్తికి వెంటవెంటనే బ్యాచ్‌లు వేసుకునే ప్రణాళిక, ఉప్పు నీటిని మామూలు నీటితో కలపకుండా మొదటి కాలువ దగ్గరే విడదీయడం, ఇవే చవకైన మార్గాలు. ప్రొడక్షన్ మేనేజర్‌ను కూర్చోబెట్టకుండా పర్యావరణ విభాగం ఒక్కటే ఇది చేయలేదు.

కార్బన్ పేజీ చూసి భయపడనక్కర్లేదు. మీ బాయిలర్‌లో కాలిన ఇంధనం స్కోప్ 1, గ్రిడ్ నుంచి కొన్న కరెంటు స్కోప్ 2. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటారు. నెలకు లక్ష యూనిట్లు వాడితే 70 టన్నులు. మీరు ఇచ్చే ఈ అంకెలు కొనుగోలుదారు లెక్కలో స్కోప్ 3, అంటే సరఫరాదారుల వైపు నుంచి వచ్చే ఉద్గారాలు, అవుతాయి. వాళ్లు అంత పట్టుగా అడుగుతున్నది అందుకే. ఎవరైనా కన్సల్టెంట్ వచ్చి యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను మీ మీద పడుతుందని బెదిరిస్తే, అది ప్రస్తుతానికి ఇనుము, ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తుకే అని చెప్పండి. వ్యాపార బాధ్యత, సుస్థిరతపై సెబీ వారి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక కూడా మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకే తప్పనిసరి. మీ సరుకు కొనే లిస్టెడ్ కంపెనీలు ఆ రూపంలో మీ అంకెలు అడగవచ్చు, అంతే.

ప్రశ్నావళిలో కార్మికుల భద్రత పేజీని చాలామంది హెచ్‌ఆర్‌కు పంపేసి మరిచిపోతారు. మీ పాశమైలారంలోనే 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది, 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీలో 12 మంది. ఇవన్నీ జరిగాక ఏ కొనుగోలుదారైనా అడిగే మొదటి ప్రశ్న, ఈ నిమిషంలో మీ ఫ్యాక్టరీ లోపల ఎంతమంది ఉన్నారు, వాళ్ల పేర్లేమిటి అని. కాంట్రాక్టరు రిజిస్టరులో ఒక అంకె, గేటు దగ్గర ఇంకో అంకె ఉంటే మీ దగ్గర జవాబు లేనట్లే. గేటు దగ్గర కాంట్రాక్టు మనుషులకు కూడా పేరుతో, ఫోటోతో హాజరు పెట్టండి. హిందీలో, ఒడియాలో భద్రత బోర్డులు రాయించండి. సాల్వెంట్ డ్రమ్ముల ఎర్తింగ్, రియాక్టర్లకు నైట్రోజన్ బ్లాంకెటింగ్ (లోపల గాలి చేరకుండా నైట్రోజన్ నింపడం), డ్రయ్యర్ గదుల్లో పొడి పేరుకోకుండా చూడటం వంటివి ఈ ఏడాదే పూర్తి చేయండి. వీటికయ్యే ఖర్చు కూడా సీఎస్సార్ కాదని వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఒక ఇబ్బందికరమైన విషయం మిగిలింది. చుట్టుపక్కల బోరు నీళ్లు పరీక్ష చేయించమని నేను సలహా ఇస్తే చాలామంది వెనకడుగు వేస్తారు, ఏం తేలుతుందో అని. చేయించండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుతో, వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి. మీ వాటా తప్పు తేలితే దాన్ని సరిచేసే ఖర్చు సీఎస్సార్‌లో పెట్టలేరు, అది మీ చట్టపరమైన బాధ్యత. అయితే ఊరివాళ్లకంటే, పీసీబీ కంటే ముందు మీకు తెలుస్తుంది. ఆ ఫలితాలను ప్రశ్నావళికి జతచేసిన చిన్న కంపెనీ ఒకటి నాకు తెలుసు. ఒక బోరులో టీడీఎస్ ఎక్కువగా ఉందని, పాత కాలువ లైనింగ్ మారుస్తున్నామని రాశారు. కొనుగోలుదారు ఒప్పందం రద్దు చేయలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష ఫలితం పంపమన్నారు.

ప్రశ్నావళి గడువు దగ్గరపడి ఉంటుంది. అంకె లేని చోట అందంగా అబద్ధం రాయకండి. "ప్రస్తుతం కొలవడం లేదు, ఫలానా నెల నుంచి మీటరు పెడుతున్నాం" అని రాయండి, ఆ నెలలో నిజంగా పెట్టండి. ఆడిటర్ వచ్చినప్పుడు ఖాళీ గడిని క్షమిస్తాడు. పక్క పేజీతో పొసగని అంకెను క్షమించడు. సీఎస్సార్ తీర్మానానికి, ఈ జవాబులకు వేర్వేరు ఫైళ్లు తెరవండి. రెండింటినీ ఒకే బోర్డు సమావేశంలో పెట్టండి, ఫ్యాక్టరీ ఫైలు ముందు. తీర్మానం ముసాయిదా రాసుకున్నాక సందేహముంటే, మీ మూడేళ్ల 198వ సెక్షన్ లాభాలు, ఉజ్జాయింపు సాల్వెంట్ రికవరీ శాతాలు, కంపెనీ పేరు లేకుండా ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.